నూనెకి జానెడు దూరం

నాబోర్ మైకు నోటి దగ్గర పెట్టుకుని "వేయించిం..." అనేదాకా వచ్చి ఆగిపోయాడు. కారు తలుపు తోసి, రోడ్డు మీదకి వంగి కక్కుకున్నాడు. చేతిలో మైకు ఆపడం మరచిపోయాడు. దాంతో ఆ ఓకరింత కారు నెత్తిమీద బిగించిన రెండు లౌడ్‌స్పీకర్లలోంచి వీధి వీధంతా వినపడింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. "పొద్దున్నే పట్టించేశాడు" అన్నాడొకడు. వెనక సీట్లో ఆనాటి పేపర్లు కట్టలు కట్టి ఉన్నాయి. మొదటి పేజీ నిండా ఒక మగమనిషి మొహం, ఎవరైనా చెప్తే తప్ప మొహమని తెలియని మొహం. దాని పైన ఎర్ర అక్షరాలు: మొగుణ్ణి చేపలా వేయించింది.

ఆ మొగుడి పేరు రుతీలియో. పెళ్లాం ఎల్వియా. వాళ్ల కూతురు నెరేయిదాకి చర్చిలో జ్ఞానస్నానం జరిగిన రోజు ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి మా నాబోరే.

నాబోర్ నా తమ్ముడు. నేను ఫెలిసితాస్‌ని. సంత గేటు దగ్గర పొసోల్ అమ్ముతాను. మొక్కజొన్న పిండి, కోకో గింజలు కలిపి రుబ్బి, చన్నీళ్లలో కలిపి బుర్ర చిప్పల్లో పోసిస్తాను. మా తబాస్కో ప్రాంతపు ఎండకి అది తాగకుండా మధ్యాహ్నం ఎవడూ నిలబడలేడు. ఊళ్లో నోళ్లన్నీ రోజూ నా ముందుకే వస్తాయి. అందుకే ఈ ఊరంటే నాకెంత రోతో ఇంకెవరికీ ఉండదు.

వంతెన లేని రోజుల్లో మా తమ్ముడు పడవ నడిపేవాడు. చెట్టు మాను తొలిచి చేసిన పడవ, మా నాన్నది. గ్రిహాల్వా నది మా ఊరి దగ్గర కాస్త సన్నబడుతుంది. ఈ రేవు నుంచి ఆ రేవుకి ఎంతోసేపు పట్టదు. తెడ్డు వేస్తూ కథలు చెప్పడం నాబోర్‌కి అలవాటు. మొదట్లో అందరిలాగే చెప్పేవాడు. ఫలానా ఊళ్లో ఫలానా ముసలాయన ఉండేవాడు, ఆయనకో ఆవు ఉండేది, ఆ ఆవుకి నుదుట మచ్చ ఉండేది. మచ్చ దగ్గరకొచ్చేసరికి అవతలి ఒడ్డు తగిలేది. జనం బుట్టలు నెత్తిన పెట్టుకుని దిగిపోయేవాళ్లు. వెనక్కి తిరిగి చూసినవాడు లేడు.

ఒకనాడు వాడికి ఒళ్లు మండింది. ఎక్కేవాళ్లు ఎక్కుతుండగానే, ఎవరి మొహమూ చూడకుండా, తెడ్డు నీళ్లలో గుచ్చి అన్నాడు:

"కాలు ఇంకా మొసలి నోట్లోనే ఉంది!"

ఎక్కిన కోళ్లావిడ కోళ్లని కింద పెట్టేసింది. "ఎవరి కాలయ్యా?"

"కూర్చోండమ్మా. మీరు కూర్చునేలోపు అది ఇంకో మెలి తిప్పింది."

ఆ రోజు ఆవిడ నది దాటి, సంత సంగతి మరచి, అదే పడవలో వెనక్కొచ్చి, మళ్లీ దాటింది. కోళ్లు ఎండకి సొమ్మసిల్లాయి.

ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని వాడు చెప్పింది నాకిప్పటికీ గుర్తే. "అక్కా, వినేవాడికి ముందు కాలు జారాలి. జారినవాడు పట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాడు. అప్పుడు పేరు చెప్పు, ఊరు చెప్పు, ఆవు మచ్చ గురించి చెప్పు, అన్నీ వింటాడు. ముందే చెప్పామనుకో, వాడు గట్టి నేల మీద నిలబడి ఉంటాడు. వాడికి మనతో పనేంటి?"

"మరి ముందు జరిగిందంతా ఎప్పుడు చెప్తావురా?"

"పడవ దిగేలోపు. చెప్పి తీరాలక్కా. చెప్పకపోతే అది కథ కాదు, ఉత్త కేక."

వంతెన కట్టారు. పడవ మా పెరట్లో బోర్లా పడింది. కొన్నాళ్లు కోకో తోటల్లో కాయలు కోశాడు. అక్కడ పని లేని రోజుల్లో నా పిండి రుబ్బి పెట్టేవాడు. అప్పుడొచ్చాడు దోన్ ఫుల్హెన్సియో ప్రియేగో. దోన్ అంటే మాలో 'అయ్యగారు' అన్నట్టు. ఊళ్లో ఒక పేపరు ఆయనది. హత్యలు, యాక్సిడెంట్లు, నదిలో తేలిన శవాలు, ఇవే ఆ పేపరు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు ఆయన వేళ్లు గుర్తొస్తాయి. ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలే పొట్లం విప్పుకుని, కొవ్వు అంటిన ఆ వేళ్లతోనే శవాల ఫొటోలు తిరగేస్తూ, ఒక ఫొటో మీద పడ్డ పిండి ముక్కని ఏరి నోట్లో వేసుకోవడం నా కళ్లతో చూశాను.

"పడవలో నీ కథలు విన్నానయ్యా" అన్నాడు నాబోర్‌తో. "నీ గొంతు నది మధ్యలోనే ఉండిపోకూడదు. కారిస్తాను, మైకిస్తాను. వీధి మలుపు తిరిగేలోపు ఇంట్లో గిన్నెలు తోముకునే ఆడది బయటికి పరిగెత్తుకు రావాలి. వస్తుందా?"

"వస్తుంది దోన్."

"ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ముందేం జరిగిందో నువ్వు చెప్పకు. అది పేపర్లో ఉంటుంది. నువ్వే చెప్పేస్తే ఎవడు కొంటాడు? కాలు జార్చు, అక్కడే వదిలెయ్."

నాబోర్ అప్పుడు నవ్వాడు. ఆ మాటలో తనకి సరిపడని సంగతి ఏముందో వాడికి వెంటనే తట్టలేదు.

వాడికది బాగా వచ్చింది, అది ఒప్పుకోవాలి. మా వీధులు పొట్టివి. కారు నత్తలా కదిలినా ఒక ఇంటి ముందు నుంచి వెళ్లడానికి పట్టేది రెండు ఊపిరులే. ఆ రెండు ఊపిరుల్లో ఒక మనిషిని పొయ్యి దగ్గర నుంచి లేపాలి. మిగతా పేపర్లవాళ్లు "నిన్న సాయంత్రం దక్షిణ రహదారిపై" అంటూ మొదలుపెట్టి వీధి చివరిదాకా తారీఖులే చదివేవాళ్లు. మనవాడు "బ్రేకు పడలేదు! డ్రైవరు ఇంకా తొక్కుతూనే ఉన్నాడు!" అనేవాడు. "తలుపు అవతల నుంచి కొడుతున్నారు, ఇంట్లో ఎవరూ బతికి లేరు!" అనేవాడు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. చెయ్యి ఏం చేస్తోందో చెప్తాడంతే. జనం అరటికాయ ముక్కలు పొయ్యి మీద మాడబెట్టి బయటికొచ్చేవాళ్లు. మసి చేతులతో పేపరు కొనుక్కుని అక్కడికక్కడే నిలబడి చదివేవాళ్లు. చదివి నా దగ్గరికొచ్చి పొసోల్ తాగుతూ, "మెడ పూర్తిగా తెగలేదట, తోలు పట్టుకుని వేలాడిందట" అని చెప్పుకునేవాళ్లు. చెప్పుకుంటూ ఇంకో బుర్ర పొయ్యమనేవాళ్లు. ఛీ. వాళ్ల పై పెదవి మీద కోకో నురగ ఆరకుండానే ఆ మాటలు. నేను పోసేదాన్ని. పొయ్యక ఏం చేస్తాను, అదే నా బతుకు.

ఒకసారి కోకో లారీ బోల్తా పడింది. నాబోర్ "చక్రం కింద ఉన్న చెయ్యి ఇంకా కదులుతోంది!" అంటూ సంత వెనక వీధిలోకి తిరిగాడు. ఆ వీధిలో ఉండే క్రిసాంత అనే పిల్ల చేతులకి పిండితోనే బయటికొచ్చి పేపరు తీసుకుంది. ఆ చెయ్యి ఆమె అన్నది. ఇంట్లోవాళ్లెవరూ ఇంకా చెప్పలేదు. ఫొటోలో గడియారం చూసి గుర్తుపట్టింది. రోడ్డు మీదే కూలబడి, పేపర్ని గుండెకి హత్తుకుని, పిండి చేతులతో ఆ బొమ్మని తుడవడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెని లేపడం మాని, "చూడనివ్వమ్మా, మాకూ చూడనివ్వు" అని మీద పడ్డారు.

ఆ మధ్యాహ్నం నాబోర్ నా దగ్గరికొచ్చి నీరుగారిపోయి కూర్చున్నాడు.

"ఆ పిల్లకి కాలు జారినప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేకుండా చేశానక్కా."

"మానెయ్యరా. మళ్లీ కోకో తోటలకి పో."

"పోతాను. ఈ వర్షాలు పోనీ."

వర్షాలు పోయాయి. వాడు పోలేదు. ఆ ఉద్యోగం మొదట్లో వాడికెంత రుచించిందో నాకు తెలుసు. కిటికీలు టపటపా తెరుచుకుంటుంటే వాడి వెన్ను నిటారుగా అయ్యేది. తర్వాత్తర్వాత ఆ కిటికీల్లో మొహాలు చూడలేక కారు అద్దానికి రంగు కాగితం అతికించుకున్నాడు.

ఎల్వియా సంగతికి వస్తాను. నా పక్క కొట్టు ఆమెది. మొహర్రా చేపలు వేయించి, పచ్చి అరటి అప్పడాలతో పెట్టేది. మాటకారి. "నీ పొసోల్‌లో నీళ్లే ఎక్కువున్నాయి ఫెలీ, చేపలు వదిలితే ఈదుతాయి" అనేది. కొన్ని రోజులు మాటుండేది కాదు. ఆ రోజుల్లో పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కునేది, మా ఎండలో. రుతీలియో కబేళాలో మాంసం మోసేవాడు. తాగినా తాగకపోయినా కొట్టేవాడు. వీధి మొత్తానికి తెలుసు. వాడు మొదలుపెట్టగానే ఎదురింటి హెర్మీలా రేడియో సౌండు పెంచేది. పక్కింటివాళ్లు కుక్కని లోపలికి పిలిచేవాళ్లు. కుక్క మీద ఉన్న దయ అది.

ఒకసారి నేనే ఎల్వియాని ఫిర్యాదు రాసుకునే ఆఫీసుకి తీసుకెళ్లాను. అక్కడి గుమాస్తా వేరుశనగకాయలు ఒలుచుకుంటూ విన్నాడు. పొట్టు మా వైపు ఊదాడు.

"రాస్తాను. సాయంత్రానికి మీరిద్దరూ కలిసిపోతారు. నా సిరా దండగ."

"పక్కటెముక విరిగిందయ్యా" అన్నాను.

"విరిగితే ఆస్పత్రి ఉంది కదమ్మా. ఇది ఆఫీసు."

ఎల్వియా నా చెయ్యి పట్టుకుని లేచింది. మెట్లు దిగుతూ ఉమ్మింది. గోడ మీద కాదు, ఆ గుమాస్తా సైకిలు సీటు మీద. మేమిద్దరం మలుపు తిరిగేదాకా పరిగెత్తాం. మేమిద్దరం అంతగా మళ్లీ ఎప్పుడూ నవ్వుకోలేదు.

ఆ తర్వాత నాబోర్ రెండుసార్లు వెళ్లి రుతీలియోతో మాట్లాడాడు. "జ్ఞానతండ్రివి పిల్లకి, నా పెళ్లానికి కాదు" అని వాడు నవ్వి బీరు ఇచ్చాడు. మా తమ్ముడు ఆ సీసా పుచ్చుకోలేదు.

జరిగిన రోజు సంతకి సెలవు. ఎల్వియా ఇంటి ముందు అరుగు మీదే బొగ్గుల పొయ్యి పెట్టి చేపలు వేయిస్తోంది. పట్టపగలు. వీధిలో జనం ఉన్నారు. రుతీలియో వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. పదకొండేళ్ల నెరేయిదా అడ్డం వచ్చింది. వాడు తల్లిని వదిలి పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. "మీ అమ్మకి బుద్ధి రావాలంటే నీ చెయ్యి వేగాలి" అని ఆ చేతిని మూకుడు వైపు వంచాడు. పిల్ల వేళ్లు ముడుచుకుంది. నూనె చిట్లి మణికట్టు మీద పడింది. అప్పుడు ఎల్వియా కాలే మూకుణ్ణి రెండు వట్టి చేతులతో ఎత్తింది. ఆమె అరచేతుల తోలు మూకుడి చెవులకి అంటుకుపోయింది. నూనె మొత్తం వాడి మొహం మీద, ఛాతీ మీద పోసింది.

వాడు మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. ఎల్వియాని చేతులకి కట్లు కట్టి జైల్లో పెట్టారు. పిల్ల మా ఇంటికొచ్చింది. ఏం జరిగిందో నాకూ నాబోర్‌కీ చెప్పింది ఆ పిల్లే, ఒక్కసారే. పోలీసులు వీధిలో అడిగితే మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు. హెర్మీలా రేడియో వింటోంది. పక్కింటాయన స్నానం చేస్తున్నాడు. వీధి మొత్తం ఆ మధ్యాహ్నం స్నానమే చేస్తోంది.

రుతీలియో పోయిన మర్నాడు పొద్దున నాబోర్ పేపర్లు తీసుకోవడానికి వెళ్లి ఆ మొదటి పేజీ చూశాడు. ప్రియేగో గదిలోకి తిన్నగా వెళ్లాడు. ఆ మాటలన్నీ తర్వాత నాతో అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"దోన్, పిల్ల సంగతి ఇందులో లేదు."

"ఏ పిల్ల?"

"పిల్ల చేతిని నూనెలో పెట్టబోయాడు. అందుకే ఆమె పోసింది. ఒక్క ముక్క వెయ్యండి."

ప్రియేగో కుర్చీలో వెనక్కి వాలాడట. "నిమ్మకాయ పిండి, కొంచెం ఉప్పు జల్లి ఉంటే పళ్లెంలో పెట్టేవాళ్లం కదయ్యా! ఈ హెడ్డింగు నాదే తెలుసా? రాత్రంతా నవ్వుతూనే ఉన్నాను. నువ్వేంటి, పిల్లంటావు, చెయ్యంటావు."

"ముందు జరిగింది అదే దోన్."

"కథ మధ్యలోంచి మొదలెట్టాలని నది మీద జనానికి నేర్పింది నువ్వే కదా? మధ్య ఇదే. నూనె గాల్లో ఉంది. ఇంతకంటే మంచి మధ్య నీకెక్కడ దొరుకుతుంది?"

"ఇది మధ్య కాదు దోన్. మీరు ఒక జానెడు ఇవతల కోశారు."

"జానెడేంటయ్యా? పో, అమ్ముకో పో. ముందు వాళ్ల వీధికే పో, వేడి మీద ఉన్నారు."

వాడు వెళ్లాడు. ఆ వీధిలోకి తిరిగాడు. జనం ముందే గుమ్మాల్లోకి వచ్చి నిలబడి ఉన్నారు, ఊరేగింపుకి ఎదురుచూసినట్టు. హెర్మీలా కుర్చీ కూడా వేసుకుంది. ఎల్వియా అరుగు మీద నూనె మరక ఇంకా ఉంది. ఆ మరక నాకుతున్న కుక్కని ఎవరో కాలితో తోసి, తమకి కనపడేలా చేసుకున్నారు. నాబోర్ "వేయించిం..." అన్నాడు. కక్కుకున్నాడు.

నేను అప్పటికి నెరేయిదాని వెంటబెట్టుకుని వాళ్లింటికి బట్టల కోసం వస్తున్నాను. వీధి మొదట్లోనే నాకా ఓకరింత వినపడింది. వాడి గొంతు నాకు తెలియదా? పిల్ల మొహాన్ని నా కొంగులో దాచి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

వాడు చొక్కా చేతితో మూతి తుడుచుకున్నాడు. మైకు వంక చూశాడు, ఆ వస్తువు ఏమిటో అప్పుడే తెలిసినట్టు. మళ్లీ కారెక్కి, తలుపు వేసుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పిల్ల చెయ్యి నూనెకి జానెడు దూరంలో ఉంది!"

నవ్వులు ఆగిపోయాయి.

"జానెడు! వాడు ఇంకా వంచుతున్నాడు! పిల్ల వేళ్లు ముడుచుకుంది, నూనె చిటపటమంటోంది! వీధిలో మనుషులున్నారు! తలుపుల దగ్గర ఉన్నారు, కిటికీల దగ్గర ఉన్నారు! ఒక్క అడుగు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఆ చెయ్యి పట్టుకోవచ్చు! ఎవరు వేశారు అడుగు?"

కారు కదిలింది. ఎప్పటిలాగే నెమ్మదిగా, ఒక్కో ఇంటి ముందు రెండేసి ఊపిరులు.

"ఎవరూ వెయ్యలేదు! తల్లి వేసింది! వట్టి చేతులతో మూకుడెత్తింది, అరచేతుల తోలు దానికే అంటుకుపోయింది! వాడు ఎన్నేళ్ల నుంచి కొడుతున్నాడో వినండి. మీకు తెలుసు, అయినా వినండి!"

చెప్పాడు. పడవలో చెప్పినట్టు చెప్పాడు. పక్కటెముక, పొడుగు చేతుల జాకెట్టు, గుమాస్తా వేరుశనగ పొట్టు, లోపలికి పిలిచిన కుక్క. ఎవరి పేరూ ఎత్తలేదు. రేడియో అన్నాడు, హెర్మీలా అనలేదు. అయినా హెర్మీలా కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఒకాయన కిటికీలోంచి చెంబుడు నీళ్లు కారు మీద విసిరాడు. ఇంకొకడు పేపరు కొని, గబగబా తిరగేసి, కారు వెంట పరిగెత్తాడు.

"ఏవయ్యా, పిల్ల చెయ్యన్నావు! ఇందులో ఎక్కడుంది? నా డబ్బులు నాకివ్వు!"

"ఇస్తాను. ఇందులో అది లేదనే నేను చెప్తున్నది."

నా కొంగులోంచి నెరేయిదా తల బయటపెట్టి వింది. ఏడవలేదు. చెయ్యి ముందుకి చాపి మణికట్టు మీది బొబ్బల్ని చూసుకుంది, అవి నిజంగా ఉన్నాయో లేదో అన్నట్టు.

ఆ పొద్దున నాబోర్ ఊరంతా తిరిగాడు. ప్రతి వీధిలో అదే మొదలు. ఆ తర్వాత పేపర్లు మాత్రం ఎవరికీ అమ్మలేదు. వంతెన దగ్గర ప్రియేగో మనుషులు కారాపి, తాళాలు లాక్కుని, వాణ్ణి చొక్కా పట్టుకుని దింపేశారు. అమ్ముడుపోని కట్టల్ని చేపలవాళ్లకి తూకానికి వేశారు. ఆ వారం సంతలో చేప కొన్న ప్రతివాడి పొట్లం మీదా ఆ మొహమే. కొన్నవాళ్లు పొట్లం విప్పి, చేపని కడుక్కుని, కాగితం దాచుకున్నారు. ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు, మా ఎదురు కొట్టు వాడి గోడ మీద అది చాలా రోజులు వేలాడింది.

ఎల్వియాకి ప్రభుత్వం ఇచ్చిన లాయరు ఒక కుర్రాడు, ఎప్పుడూ నిద్రమొహం. పొసోల్ తాగడానికి నా దగ్గరికొచ్చి, "ఆ మైకాయన ఎవరమ్మా? ఆయన చెప్పింది చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నాబోర్ చూడలేదు, వినడమే. పిల్ల మాట ఒక్కటే చాలదన్నారు. చూసిన సాక్షి కావాలి. చివరికి వెళ్లింది ఎవరనుకున్నారు? హెర్మీలా. పాపభీతితో కాదు. ఊళ్లో అందరూ "కిటికీలోంచి చూస్తూ కూర్చుంది" అంటున్నారని ఉడుక్కుని వెళ్లింది. జడ్జి ముందు "నేను ఊరికే చూళ్లేదు, 'పిల్లని వదలరా' అని అరిచాను కూడా" అని చెప్పింది. అరిచిందో లేదో దేవుడికే తెలియాలి. కానీ పిల్లని వదలమని అరిచానంటే పిల్ల చెయ్యి వాడి చేతిలో ఉన్నట్టే కదా. వాడెలా పట్టుకున్నాడు, ఎటు వంచాడు అని లాయరు కుర్రాడు నిద్రలేచి ఒక్కొక్కటే లాగాడు. తన పరువు కాపాడుకోబోయి నిజం చెప్పేసింది. ఆ తర్వాత స్నానాలు చేస్తున్న మగవాళ్లు కూడా ఒక్కొక్కరే ఒళ్లు తుడుచుకుని వచ్చారు.

మళ్లీ వర్షాలు మొదలయ్యాక ఎల్వియాని వదిలేశారు. బిడ్డని కాపాడుకుందన్నారు. ఆమె అరచేతులు కోడికాళ్లలా ముడుచుకుపోయాయి, వేళ్లు పూర్తిగా చాపలేదు. అయినా కొట్టు తెరిచింది. మొదటి రోజే జనం క్యూ కట్టారు. అంతకు ముందు ఎన్నడూ ఆమె చేప తినని వాళ్లు, కార్లలో దిగినవాళ్లు. తెల్ల చొక్కా ఒకడు పళ్లెం అందుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు:

"అమ్మా, మూకుడు... అదేనా?"

ఎల్వియా వాడి వంక చూసింది. పళ్లెం వెనక్కి లాక్కుని, చేపని చెత్త డ్రమ్ములో పారేసింది. తర్వాతి వాడి పళ్లెం కూడా. పొయ్యి మీద నీళ్లు కొట్టింది. బూడిద వాళ్ల చొక్కాల మీదకి లేచింది.

"ఫెలీ, వీళ్ల నోళ్లు చూడు" అంది నాతో. "నోట్లో నీళ్లూరుతున్నాయి."

వారం తిరక్కుండా కూతుర్ని తీసుకుని పరాయీసోలో వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. సముద్రం పక్కన కొబ్బరి బట్టీలో పని. నాబోర్ వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్లొస్తాడు. ఆ ఇంట్లో నూనె వాసన రాదట. దుంపలైనా, రొయ్యలైనా ఉడకబెట్టిందే తింటారు. నెరేయిదా బడిలో వంట నేర్పే క్లాసు ఎగ్గొడుతుందని టీచరు కబురంపితే, జ్ఞానతండ్రి హోదాలో వీడే వెళ్లి మాట్లాడాడు. టీచరుకి మొత్తం చెప్పావా అని అడిగాను.

"చెప్పలేదక్కా. పిల్లకి నూనె పడదు, వేరే పని ఇవ్వండన్నాను. అంతే చాలు."

ప్రియేగో కొత్త మనిషిని పెట్టుకున్నాడు. వాడు కథ ఎత్తుకోవడం మాత్రం మా తమ్ముడిలాగే ఎత్తుకుంటాడు, నేర్చుకున్నాడు. ఒకరోజు ఆ ప్రియేగోనే నా కొట్టుకొచ్చాడు. బుర్ర అందుకుని, అక్కడే కోకో బస్తాలు దింపుతున్న నాబోర్‌ని పిలిచాడు.

"ఆ రోజు నువ్వు మొదలెట్టిన తీరుందే, అబ్బో! పిల్ల చెయ్యి, జానెడు! నాకు తట్టనే లేదయ్యా. ముందే చెప్పొచ్చు కదా, అదే హెడ్డింగు పెట్టేవాణ్ణి. రెట్టింపు అమ్ముడయ్యేది. మళ్లీ రా."

నాబోర్ బస్తా భుజం మీంచి దించలేదు. "చెప్పాను దోన్. మీ గదిలోకొచ్చి చెప్పాను" అని లోపలికి వెళ్లిపోయాడు.

ప్రియేగో భుజాలెగరేసి, నిజంగానే గుర్తులేనట్టు నా వంక చూశాడు. గుర్తు లేదు వాడికి. అదే నాకు అన్నిటికంటే కంపరం పుట్టించింది. బుర్ర వాడి చేతిలోంచి తీసుకుని, ఇంక లేదు పొమ్మన్నాను.

అంతలో సంత గేటు బయట మైకు కారు హారన్ మోగింది. "తాడు తెగలేదు! ఆమె కాళ్లు ఇంకా..." అన్నది కొత్తవాడి గొంతు. నా బల్ల చుట్టూ తాగుతున్నవాళ్లు తాగుతున్నట్టే లేచి గేటు వైపు పరిగెత్తారు. వాళ్ల కంటే ముందు ప్రియేగో, జనం ఎంతమంది కొంటున్నారో చూసుకోవడానికి. సగం తాగిన బుర్రలు బల్ల నిండా. ఈగలు దిగాయి. ఒక్కో బుర్రా ఎత్తి మురికికాలవలో పారబోసి, బూడిద పెట్టి తోమడానికి కూర్చున్నాను.